దొంగలు తోడిన నీళ్ల లెక్క

తెనాలి రామకృష్ణుడు దొంగల చేత తోటకి నీళ్లు పెట్టించిన కథ తెలియని తెలుగువాళ్లు ఉండరు. అయినా మన పిల్లల కోసం క్లుప్తంగా ఇంకోసారి. మంచి ఎండాకాలం. బావిలో నీళ్లు అడుగుకి చేరాయి. పెరట్లో మొక్కలు వాడిపోతున్నాయి. చెట్ల చాటున దొంగలు నక్కి ఉన్నారని కనిపెట్టిన రామకృష్ణుడు, వాళ్లకి వినపడేలా "ఊళ్లో దొంగల భయం ఎక్కువైంది, నగలన్నీ పెట్టెలో పెట్టి బావిలో పడేద్దాం" అని భార్యతో అంటాడు. రాళ్లు నింపిన పెట్టె బావిలో దభీమని పడుతుంది. దొంగలు రాత్రంతా నీళ్లు తోడతారు. ఆయన చీకట్లో పాదులు సరిచేస్తూ ఆ నీళ్లని మొక్కలకి మళ్లిస్తాడు. తెల్లవారుతుండగా "ఇక చాల్లెండి నాయనా, తోట తడిసింది" అంటాడు.

నవ్వుకుని పడుకోవలసిన కథ. కానీ మా ఫ్రిస్కోలో దీని మీద ఆక్షేపణలు ఎక్కువయ్యాయి! ఆమధ్య ఓ పాట్‌లక్‌లో ఇంజనీరు మిత్రుడొకాయన "చేదతో బావి ఖాళీ చెయ్యడమేమిటండీ, లెక్క కుదరద్దూ?" అన్నారు. మా తొమ్మిదేళ్ల అమ్మాయైతే కథ మధ్యలోనే ఆపేసింది. "నానమ్మా, దొంగలు అంత డంబ్‌గా ఉండరు. ఇది రియలిస్టిక్‌గా లేదు" అంది. "ఏమోనమ్మా, మాకలాగే చెప్పారు" అని అమ్మ ఊరుకుంది. మర్నాడు రాత్రి కథ చెప్పలేదు. ఆ మర్నాడూ చెప్పలేదు. అమ్మ ఇక్కడ ఉండేది ఆరు నెలలు. అందులో ఎన్ని రాత్రులు ఇలా పోగొట్టుకోగలం? అందుకే రామకృష్ణుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నాను.

ఇది నిజంగా జరిగిందని నేననడం లేదు. పాండురంగ మాహాత్మ్యం రాసిన ఆ కవి శ్రీకృష్ణదేవరాయల (1509–1529) కొలువులో అసలు ఉన్నాడా లేదా అన్నదాని మీదే పండితులకి ఏకాభిప్రాయం లేదు. జరగడానికి వీలున్న కథ అన్నదొక్కటే నా వాదన.

ముందు ఇంజనీరుగారి లెక్క చూద్దాం. ఆరడుగుల వెడల్పు బావి, వేసవిలో నాలుగడుగుల నీళ్లు అనుకోండి. అంటే దాదాపు 3,200 లీటర్లు. చేదకి పది లీటర్లు. గిలక మీద ముప్ఫై అడుగుల లోతునుంచి నిమిషానికి ఒక చేద లాగడం దొంగతనానికి వచ్చిన మనిషికి పెద్ద పనేమీ కాదు. ఇద్దరు వంతులవారీగా లాగితే ఆయాసం కూడా రాదు. ఆరు గంటలకి 360 చేదలు, 3,600 లీటర్లు. బావిలో ఉన్న నీటికన్నా ఎక్కువే! కాబట్టి తెల్లారేలోపు అడుగు కనిపిస్తుందని ఆ దొంగలు అనుకోవడంలో తెలివితక్కువతనం ఏమీ లేదు. వాళ్లు మరిచిపోయింది ఊట ఒక్కటే. ఇక్కడ తోడుతుంటే అక్కడ ఊరుతుంది. చిత్రమేమిటంటే మా ఇంజనీరుగారు కూడా ఊట మాట ఎత్తలేదు. కుళాయి తిప్పి పెరిగినవాళ్లం కదా మరి!

ఇంకో లెక్క కూడా చెయ్యవచ్చు. 3,600 లీటర్లంటే మన భాషలో సుమారు 950 గ్యాలన్లు. 1,500 చదరపు అడుగుల నేలని అంగుళం మేర తడపడానికి సరిపోతాయి. ఫ్రిస్కోలో మన బ్యాక్‌యార్డ్ గడ్డి ఎంతుంటుందో మీకు తెలుసు. వాటర్ బిల్లు కట్టే చేతులకి రామకృష్ణుడి తెలివి ఇంకా బాగా అర్థమవుతుంది.

"చీకట్లో నీళ్లు ఎటు పోతున్నాయో దొంగలు చూసుకోలేదా?" అన్నది మరో ఆక్షేపణ. పల్లెటూరి నూతి దగ్గర స్నానం చేసినవాళ్లెవరూ ఇలా అడగరు. నూతి చుట్టూ చప్టా ఉంటుంది. చప్టా మీద పోసిన నీళ్లు కాలువలో పడి పెరట్లోకి, చాలా ఇళ్లలో అరటిచెట్ల మొదట్లోకి, వాటంతటవే పోతాయి. దొంగలు చేద కుమ్మరిస్తే చాలు. చీకట్లో పారతో ఒక పాదు మూసి ఇంకో పాదుకి గండి కొట్టడమే రామకృష్ణుడి పని. గిలక కిర్రుమంటుంటే పార చప్పుడు ఎవరికి వినపడుతుంది?

నగలు దాచే చోటు అంత గట్టిగా చెబితే దొంగలకి అనుమానం రాకపోవడం మాత్రం... అక్కడ నా వాదన కాస్త బలహీనమే, ఒప్పుకుంటాను.

ఇక మా అమ్మాయి అభ్యంతరం అసలైనది. అంత వెర్రివాళ్లుంటారా? కెనడాలో నోవా స్కోషియా దగ్గర ఓక్ ఐలండ్ అని ఒక దీవి ఉంది. అక్కడ నిధి ఉందని 1795 నుంచి తవ్వుతున్నారని చెప్పుకుంటారు. తవ్విన గోతిలోకి నీళ్లొస్తాయి, పంపులు పెట్టి తోడతారు, మళ్లీ వస్తాయి. ఆరుగురు ప్రాణాలు కూడా పోయాయి. 1909లో అక్కడ నిధి వెతికిన బృందంలో ఒక కుర్ర లాయరు ఉండేవాడు. ఆయన పేరు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్, తరవాత అమెరికా అధ్యక్షుడయ్యాడు! ఆ నిధి ఇప్పటికీ దొరకలేదు, వెతకడం ఆగలేదు. రెండు వందల ఏళ్లు తోడిన పెద్దమనుషులుండగా, ఒక్క రాత్రి తోడిన మన దొంగల్ని వెర్రివాళ్లనడం అన్యాయం కాదూ? నూరు చేదలు తోడాక ఎవరు ఆపగలరు చెప్పండి? నూటొకటో చేదకే పెట్టె కనిపిస్తుందేమో!

ఓక్ ఐలండ్ సంగతి విన్నాక మా అమ్మాయి కాసేపు ఆలోచించి, నానమ్మ దగ్గరికి వెళ్లి "ఊట అంటే ఏంటి?" అని అడిగింది. అది మొదలు ఆ రాత్రి పది దాటినా వాళ్ల మాటలు ఆగలేదు.

నమ్మశక్యం కాని సంగతి నిజానికి మా ఇంట్లోనే ఒకటుంది. ఫ్రిస్కో కింద ఉన్నది బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ బంకమన్ను, మన నల్లరేగడికి దగ్గరి చుట్టం. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. వేసవిలో ఇంటి చుట్టూ సోకర్ హోస్ వేసి పునాదికి నీళ్లు పెట్టకపోతే గోడలు పగుళ్లిచ్చే ప్రమాదం ఉంది. జూలైలో నేను ఆ పని చేస్తుంటే అమ్మ గుమ్మంలో నిలబడి "మొక్కల్లేని చోట నీళ్లెందుకురా?" అంది. "ఇంటికమ్మా" అన్నాను. నావైపు ఎగాదిగా చూసింది. ఊరెళ్లి చెబితే ఎవరూ నమ్మరని, మనవరాలి చేత ఆ పైపుకి నాలుగు ఫొటోలు తీయించుకుంది.