టీసీ రాకపోయినా బడి ఉంది

మనకు బదిలీలు కొత్త కాదు. ఉత్తర్వులు రాగానే సామాను సర్దుకుంటాం, టీసీ తీసుకుంటాం, కొత్త ఊళ్లో బడిలో చేరతాం.

ఒడిశాలోని బలంగీర్ నుంచి ఏటా తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాల పిల్లలూ మనలాగే ఊళ్లు మారతారు. కానీ ఏడాది మధ్యలో బయలుదేరడంతో ఎందరికో చదువు ఆగిపోతుంది.

చదువు ప్రతి ఒక్కరి హక్కని 1948లోనే ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. మన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు సర్కారు బడిలో చదువు ఉచితం. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు.

బడి బయట అలాంటి పిల్లలు కనిపిస్తే ఈ మాట వాళ్ల పెద్దలకు చెబుదాం. కొత్త బడిలో మొదటి రోజు ఎలా ఉంటుందో మనకు తెలుసు కదా!