ప్రసాదం మాటున విషం
గోప్యతే పెట్టుబడి.. మౌనమే రక్షణ కవచం

ఏలూరు: ప్రసాదం చేతిలో పడితే కళ్లకద్దుకుని నోట వేసుకోవడం గోదావరి జిల్లాల వారికి తరతరాల అలవాటు. అందులో ఏముందని అడగడమే అపచారమనుకుంటారు. ఆ అలవాటునే ఆసరాగా చేసుకుని ఇరవై నెలల కాలంలో పది మందిని బలిగొన్నాడన్న అభియోగంపై వెల్లంకి సింహాద్రి అలియాస్ శివ అనే వ్యక్తిని 2019 నవంబరులో ఏలూరు పోలీసులు అరెస్టు చేశారు. నాటి పశ్చిమ గోదావరి జిల్లా ఎస్పీ నవదీప్ సింగ్ గ్రేవాల్ వెల్లడించిన ఆ వివరాలు మూడు జిల్లాలను నిర్ఘాంతపరిచాయి. పది మంది చనిపోయే వరకు ఒక్కరికీ అనుమానం రాకపోవడమే అందులో అన్నిటికన్నా విస్మయకరమైన విషయం.

పోలీసుల కథనం ప్రకారం తొలి మరణం 2018 ఫిబ్రవరిలోను, చివరిది 2019 అక్టోబరు 16న సంభవించాయి. మృతులు కృష్ణా, పశ్చిమ గోదావరి, తూర్పు గోదావరి జిల్లాల వారు. వారిలో నిందితుని సొంత బంధువులూ ఉన్నారు. నేర నిర్ధారణ న్యాయస్థానం చేయవలసినదే అయినా, దర్యాప్తులో బయటపడిన మోసపు పద్ధతి మాత్రం ప్రతి ఇంటా తెలిసి ఉండవలసినది.

కాపలాదారు నుంచి మహిమల దాకా

సింహాద్రి తొలుత ఏలూరులో ఒక అపార్ట్‌మెంటుకు కాపలాదారుగా పనిచేశాడు. ఆ తర్వాత స్థిరాస్తి వ్యాపారంలో దిగి నష్టపోయాడు. అటుపైన గుప్తనిధుల జాడ చెబుతానని, బంగారాన్ని రెట్టింపు చేస్తానని, ఐశ్వర్యం తెచ్చే నాణేలు ఇప్పిస్తానని, రోగాలు నయం చేస్తానని పలువురికి చేరువయ్యాడు. అతనికి ఆశ్రమం లేదు, పీఠం లేదు, ఊరేగింపులు లేవు. వేల మంది భక్తులను పోగుచేసుకునే బాబాలకు భిన్నంగా అతను ఒక్కొక్కరినే ఎంచుకున్నాడు. పూజ చేస్తానని చెప్పి డబ్బు, నగలతో రప్పించడం, ప్రసాదమనో ఆయుర్వేద మందనో సైనైడ్ ఇవ్వడం, ఆ సొత్తుతో ఉడాయించడం.. ఇదీ పోలీసులు వివరించిన తీరు.

బియ్యాన్ని లాగే నాణెం!

ఈ తరహా మోసాలలో ‘రైస్ పుల్లింగ్’ ఒకటి. పాత రాగి నాణేన్నో పాత్రనో చూపి, పిడుగు పడటం వల్ల దానికి మహిమ వచ్చిందని, అందులో ఇరీడియం ఉందని, విదేశీ సంస్థలు కోట్లు పెట్టి కొంటాయని నమ్మిస్తారు. రుజువుగా బియ్యపు గింజలు నాణేనికి అంటుకోవడం కళ్లెదుటే చూపిస్తారు. రాగికి అయస్కాంత గుణం లేదు. ఇరీడియం నిజంగా ఉన్న లోహమే గాని అది బియ్యాన్ని ఆకర్షించదు. గింజలకు ముందే ఇనుప రజను పట్టించి, నాణెం అడుగున అయస్కాంతం దాచడమే ఇందులోని కిటుకు. ఇంట్లోని బియ్యాన్ని వాడి చూడమంటే ఏ మహిమా పనిచేయదు. అందుకే ఈ ప్రదర్శనలన్నీ వారు తెచ్చిన గింజలతోనే, వారు చెప్పిన చోటనే జరుగుతాయి.

ఒంటరిగా రమ్మనడంలోని మర్మం

‘ఎవరికీ చెప్పొద్దు, చెబితే ఫలితం పోతుంది’ అన్నది ఇటువంటి వారందరూ పెట్టే తొలి షరతు. చూడటానికి అది పూజా నియమంలాగే ఉంటుంది. వాస్తవానికి ఆ ఒక్క మాటతో మూడు పనులు నెరవేరుతాయి. మోసాన్ని పసిగట్టగల ఇంటివారు దూరమవుతారు. డబ్బు ఎవరికి ఇచ్చారో సాక్ష్యం ఉండదు. మోసపోయినా బయటికి చెప్పుకోలేని స్థితి ఏర్పడుతుంది. పది రూపాయల విలువకు మించిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిక్షేపాల చట్టం నిర్దేశిస్తోంది. దాచిన వారికి ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. దీంతో నిధి కోసం వెళ్లినవారు తామే తప్పు చేస్తున్నామన్న భయంతో నోరు విప్పరు.

గుండెపోటనుకున్నారు..

సైనైడ్ శరీరంలోని కణాలను ఆక్సిజన్ వినియోగించుకోనీయదు. రక్తంలో ప్రాణవాయువు ఉన్నా కణాలకు అందనట్టే అవుతుంది. తగిన మోతాదులో కడుపులోకి వెళితే నిమిషాల వ్యవధిలోనే ఊపిరాడక, మూర్ఛ వచ్చి మనిషి కుప్పకూలుతాడు. ఒంటిపై గాయం ఉండదు, పెనుగులాట జాడలు ఉండవు. నడివయసు దాటిన మనిషి అలా పడిపోతే ఎవరికైనా ముందుగా తోచేది గుండెపోటే. ఈ కేసులోనూ పలు కుటుంబాలు సహజ మరణమేనని నమ్మి అంత్యక్రియలు ముగించాయి. దహనమైన దేహంతో పాటే సాక్ష్యమూ బూడిదవుతుంది. నికెల్ పూత పనులు చేసే విజయవాడ వ్యక్తి నుంచి సైనైడ్ అందిందని చెబుతూ అతనినీ పోలీసులు అరెస్టు చేశారు. లోహాలకు పూత పూసే పనిలో సైనైడ్ లవణాల వాడకం మామూలే. పరిశ్రమ కోసం వచ్చిన విషం చేతులు మారకుండా చూడటం ఎంత ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ముడి వీడిందిలా

చివరి మృతుడు ఏలూరుకు చెందిన ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు. బ్యాంకులో వేసి వస్తానని నగదు, నగలతో ఇంటి నుంచి బయలుదేరిన ఆయన దారిలో కుప్పకూలి మరణించారు. వెంట తీసుకెళ్లిన సొత్తు కనిపించకపోవడంతో కుటుంబసభ్యులు ఊరుకోక ఫిర్యాదు చేశారు. ఫోన్ సంభాషణల ఆధారంగా పోలీసులు నిందితుని వరకు వెళ్లారు. అక్కడి నుంచి వెనక్కి తవ్వితే ఒక్కొక్కటిగా పాత మరణాలు బయటపడ్డాయి. ఒక్క ఇంటివారు అడిగిన ప్రశ్న మిగిలిన ఇళ్లలోని దుఃఖానికీ కారణం చూపించింది.

ఎక్కడైనా ఇదే దారి

బెంగళూరులో ‘సైనైడ్ మల్లిక’గా పేరుపడిన కెంపమ్మ ఆలయాల్లో పరిచయమైన మహిళలకు పూజల పేరిట విషమిచ్చి నగలు కాజేసిన ఉదంతం 2007 డిసెంబరులో ఆమె అరెస్టుతో వెలుగుచూసింది. కేరళలోని కూడతాయిలో 2002-2016 మధ్య ఒకే కుటుంబంలో, వారి బంధువుల్లో సంభవించిన ఆరు మరణాలపై 2019 అక్టోబరులో సమాధులు తవ్వి పరీక్షలు జరపవలసి వచ్చింది. దక్షిణ అమెరికాలోని గయానాలో 1978 నవంబరు 18న మతబోధకుడు జిమ్ జోన్స్ ఆదేశంపై సైనైడ్ కలిపిన పానీయంతో తొమ్మిది వందల మందికి పైగా అసువులు బాశారు. వారిలో పసిబిడ్డలే వందల్లో ఉన్నారు. దేశం వేరు, మతం వేరు, సంఖ్య వేరు. ఇచ్చే చేతిని ప్రశ్నించరాదన్న భావన ఒక్కటే అన్నిచోట్లా కనిపిస్తుంది.

చేయవలసినదేమిటి?

ఆరోగ్యంగా తిరిగే మనిషి హఠాత్తుగా మరణించి, వెంట ఉండవలసిన డబ్బో నగలో కనిపించకపోతే అంత్యక్రియలకు ముందే పోలీసులకు తెలపాలి. అనుమానాస్పద మృతులపై విచారణకు నాడు సీఆర్‌పీసీ 174 సెక్షన్ ఉండగా, 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 194 సెక్షన్ అమల్లో ఉంది. శవపరీక్షలో సేకరించిన అంతరావయవాల నమూనాలను ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పంపితేనే విషం సంగతి తేలుతుంది. ఖననం జరిగిపోయినా మెజిస్ట్రేటు ఉత్తర్వుతో మృతదేహాన్ని వెలికితీసి పరీక్షించే వీలుంది. శరీరాన్ని కోస్తారన్న బాధతోనో, నలుగురూ ఏమనుకుంటారోనన్న సంకోచంతోనో పరీక్ష వద్దంటే లాభపడేది నేరగాడే.

మంత్రతంత్రాల పేరిట జరిగే అకృత్యాలపై మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ప్రత్యేక చట్టాలు చేశాయి. అయితే ఏ చట్టమైనా ఫిర్యాదు అందాకే కదులుతుంది. అంతకు ముందు చేయగలిగినది ఇంటివారే. డబ్బు, నగలు తీసుకుని ఒంటరిగా రమ్మని ఎవరు పిలిచినా బయలుదేరే ముందు ఇంట్లో ఒక్కరికి చెప్పాలి. చెబితే ఫలించని పూజ ఏదైనా ఉంటే, అది ఫలించకపోవడమే ఆ ఇంటికి క్షేమం.