తెల్లవారుజాము కల నిజమవుతుందా?

తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మన ఊళ్ళలో పెద్దలు చెబుతుంటారు. ఎనిమిదేళ్ళ క్రితం ఆ మాట మా అన్నదమ్ములిద్దరినీ ఎంత భయపెట్టిందో అప్పట్లో ఈ హాస్టల్లో మా పక్కన పడుకున్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది.

అప్పుడు మాలో ఒకరు పది, ఒకరు ఎనిమిది. శనివారం రండిరా, మడికి నీళ్ళు కట్టాలి అని నాన్న ఫోన్ చేశాడు. పరీక్షలున్నాయని అబద్ధం చెప్పాం. వార్షికోత్సవం నాటకం రిహార్సల్స్ వదిలి వెళ్ళడం ఇష్టం లేదు, అంతే. ఆ రాత్రి రెండింటికి త్రీఫేజ్ కరెంటు వచ్చింది. "కరెంటొచ్చింది, లేవయ్యా" అని అమ్మే లేపింది. తడి చేతులతో స్టార్టరు పెట్టె ముట్టుకున్న నాన్న మళ్ళీ లేవలేదు.

తర్వాత నెలల తరబడి పీడకలలు. మాలో చిన్నవాడి కలలో నాన్న హాస్టల్ గేటు బయట నిలబడి పిలుస్తాడు, తాళంచెవి దొరకదు. పెద్దవాడు స్టేజీ మీద డైలాగు చెబుతుంటే ఎదురు కుర్చీలో నాన్న తడి బట్టలతో కూర్చుని ఉంటాడు. అమ్మకు స్టార్టరు పెట్టె కనిపిస్తుంది. వద్దని అరవబోతే గొంతు రాదు.

చావు ఒకటే, కలలు మూడు. ఎవరు ఎక్కడ తప్పు చేశామనుకున్నారో వాళ్ళ కల అక్కడే ఆగింది. ఈ సంగతి అప్పుడు మాకు తెలియదు. నాన్న కోపంతో తిరుగుతున్నాడని ఊళ్ళో అన్నారు. పెద్దమ్మ తాయెత్తులు కట్టించింది. ఆవిడ ప్రేమతోనే కట్టించింది, దాన్ని తప్పుపట్టం. కానీ నాన్నకు కోపం అన్న మాట విన్నాక మాకు నిద్రంటేనే భయం పట్టుకుంది.

మా ఇంట్లో మొదటి డిగ్రీ పూర్తయి, పీజీలో సైకాలజీ చేరాక కొన్ని విషయాలు తెలిశాయి. నిద్రలో మూసిన రెప్పల కింద కళ్ళు వేగంగా కదిలే దశ ఒకటుంది. దాన్ని 'రెమ్' నిద్ర అంటారు. 1953లో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే చికాగో పరిశోధకులు దీన్ని ప్రకటించారు. కథలా సాగే కలలు ఎక్కువగా వచ్చేది ఈ దశలోనే. సుమారు 90 నిమిషాలకోసారి వచ్చే ఈ దశ తెల్లవారేకొద్దీ ఎక్కువసేపు ఉంటుంది. తెల్లవారుజాము కల అంత గట్టిగా గుర్తుండటానికి కారణం ఇదీ, జోస్యం కాదు. పైగా ఆ సమయంలో భయం, బాధలకు సంబంధించిన 'అమిగ్డాలా' చురుగ్గా ఉంటుంది. మంచీ చెడూ తర్కించే ముందు మెదడు నెమ్మదిస్తుంది. పగలు "మేం వెళ్ళినా ఆపగలిగేవాళ్ళమా?" అని అడగగలిగిన మనసు, రాత్రి ఆ ప్రశ్న అడగలేదు.

కలల మీద పెద్ద పుస్తకం రాసిన ఫ్రాయిడ్‌కూ ఇలాంటిదే జరిగింది. 1896లో తండ్రి చనిపోయినప్పుడు మంగలి షాపులో ఆలస్యమై ఆయన కార్యక్రమానికి వెనకబడి వెళ్ళాడు. ఇంట్లోవాళ్ళు నొచ్చుకున్నారు. ఆ రోజుల్లోనే కలలో ఒక బోర్డు కనిపించింది, కళ్ళు మూయమని. పోయినవారి కళ్ళు మూయడం కొడుకు బాధ్యత. నా లోపాన్ని చూసీచూడనట్టు వదిలేయమన్న వేడుకోలు కూడా అందులో ఉందని ఆయనే వివరించాడు. ఫ్రాయిడ్ సిద్ధాంతాల్లో చాలావాటిని ఇప్పుడు ఒప్పుకోవడం లేదు. ఈ ఒక్క కల మాత్రం మాకు పరాయిదనిపించలేదు.

పీడకలలకు మందులే కాదు, ఒక అభ్యాసం కూడా ఉంది. మెలకువలో కలను కాగితం మీద రాసి, మనకు నచ్చినట్టు మార్చి, మార్చిన కలను రోజూ కాసేపు కళ్ళ ముందు ఊహించుకోవాలి. క్రాకోవ్ అనే డాక్టరు బృందం 2001లో దీన్ని పరీక్షించి, పీడకలలు తగ్గాయని చూపింది. మాలో చిన్నవాడు రఫ్ నోట్సులో గేటు తీశాడు. నాన్న లోపలికొచ్చి ముందు వరుసలో కూర్చుని నాటకం చూశాడు. మొదటి రోజు ఆ పేజీ రాయడానికి రెండు గంటలు పట్టింది, ఏడుపుతో. కలలు ఒక్కసారిగా పోలేదు, పలచబడ్డాయి.

వారంలో చాలా రాత్రులు ఇలాగే ఉంటే, పగలు కూడా అదే దృశ్యం కళ్ళ ముందు తిరుగుతుంటే, బతకాలనిపించకపోతే తమ్ముళ్ళు ఒంటరిగా దాచుకోకండి. 14416 టెలి మానస్‌కు ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. మా రోజుల్లో ఆ నంబరు లేదు.

అమ్మకు రాయడం రాదు. తన కల మాకు చెబుతుంది, మార్చడం మాత్రం ఇష్టపడదు. "కలలోనైనా కనబడుతున్నాడు కదరా" అంటుంది.