నీళ్లతో కలిసే గ్యాసు

స్ప్రే డబ్బా నొక్కుతూ పోతే చల్లగా ఎందుకవుతుంది సార్? భివండీ పక్కన పూర్ణ గోదాముల్లో పనిచేసే కుర్రాడొకడు పాత బీరువాకు రంగు కొడుతూ అడిగాడు. మంచి ప్రశ్న. డబ్బా పనితనమంతా ఆ చల్లదనంలోనే ఉంది.

లోపల రంగుతోపాటు ఒత్తిడికి ద్రవంగా మారిన గ్యాసు ఉంటుంది. పైన మిగిలిన ఖాళీలో అదే గ్యాసు ఆవిరై, కింది ద్రవాన్ని అదుముతుంటుంది. మీట నొక్కగానే రంగు సన్నని గొట్టంలోంచి పైకి తన్నుకొస్తుంది. లోపల ఖాళీ పెరిగింది కాబట్టి ఒత్తిడి తగ్గాలి. తగ్గదు! ద్రవం ఇంకాస్త మరిగి ఆ చోటు నింపేస్తుంది. మరగడానికి కావలసిన వేడిని డబ్బా నుంచి, మన అరచేతి నుంచి లాక్కుంటుంది. వంటగ్యాసు సిలిండరులో జరిగేదీ ఇదే. అసలు గారడీ డబ్బా ముక్కు దగ్గర. రంగు బొట్టులో కరిగి ఉన్న గ్యాసు బయటికి రాగానే ఒక్కసారిగా మరిగి, ఆ బొట్టును లోపలినుంచే చీల్చేస్తుంది. అందుకే అంత సన్నటి తుంపర. ఉత్త గాలి కూరిన డబ్బాలో ఈ చీల్చడం ఉండదు, పైగా వాడేకొద్దీ ఒత్తిడి పడిపోతుంది.

ఈ ఆలోచనకు నార్వే ఇంజినీరు ఎరిక్ రోథైమ్ 1920లలోనే పేటెంటు తీసుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికుల దోమల మందుకు గుడ్‌హ్యూ, సలివాన్ అనే పరిశోధకులు దీన్ని పనికొచ్చేలా చేశారు. 1949లో ఎడ్వర్డ్ సీమూర్ డబ్బాలోకి అల్యూమినియం రంగు ఎక్కించాడు. సలహా భార్య బోనీది. వాళ్లు నమ్ముకున్న ఫ్రియాన్ గ్యాసు ఓజోన్ పొరను తినేస్తుందని 1974లో మొలీనా, రోలాండ్ అనే శాస్త్రవేత్తలు చెప్పాక దాని బదులు బ్యూటేన్, ప్రొపేన్ వచ్చాయి.

ఓజోన్ బతికింది గానీ ముక్కుపుటాలు అదరగొట్టే టోలీన్, జైలీన్ అనే ద్రావకాలు రంగులోనే ఉండిపోయాయి. వాటి బదులు నీళ్లు పోయొచ్చు కదా? పోస్తే బ్యూటేన్ కలవదు, నూనెలా పైన తేలుతుంది. కలవకపోతే బొట్టును లోపలినుంచి చీల్చేదెవరు?

ఇక్కడే నాకు ముచ్చటేసే అణువు వస్తుంది: డైమిథైల్ ఈథర్. రెండు మిథైల్ గుంపుల మధ్య ఒక ఆక్సిజన్, అంతే. ఆ ఆక్సిజన్ నీటి హైడ్రోజన్‌ను పట్టుకుంటుంది; మిథైళ్లు రంగులోని ఆక్రిలిక్ రెసిన్‌తో సర్దుకుపోతాయి. డబ్బాలోని ఒత్తిడి దగ్గర ఇది నీళ్లలో, ద్రావణం బరువులో దాదాపు మూడో వంతు దాకా కరుగుతుంది. −25 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కనుక తోసే పనీ, చీల్చే పనీ, కరిగించే పనీ ఒక్కటే చేసేస్తుంది. తర్వాత నీళ్లు ఎగిరిపోతుంటే ఆక్రిలిక్ రేణువులు దగ్గరకు నొక్కుకుని ఒకే పొరగా అతుక్కుంటాయి. నూలుకు పట్టించే సైజింగ్ గంజిలా మళ్లీ నీళ్లు తగిలితే కరిగిపోవు.

లోపల నీళ్లున్నాయి కాబట్టి రేకు డబ్బా తుప్పు పట్టకుండా మందు కలపాలి. బీరువా రేకు బయటపడ్డ చోట కూడా ముందు ప్రైమర్ పడాల్సిందే. చెక్కకైతే నీళ్లు తాకి నార లేస్తుంది, సన్న కాగితంతో ఓసారి రుద్దాలి. భివండీలో జూలై గాలి నీటిని ఓ పట్టాన పోనివ్వదు. రంగు తడిగా ఉన్నంతసేపూ సాంచాల (మరమగ్గాల) షెడ్డు నుంచి వచ్చే దూది నూగు దానిమీద వాలుతూనే ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, డైమిథైల్ ఈథర్ మంటకు దొరికే గ్యాసు. నూగూ మోటార్లూ ఉన్న షెడ్డులో దీన్ని కొట్టకూడదు, బయట గాలాడే చోటే పని.

‘నీటి ఆధారిత’ అని రాసున్నంత మాత్రాన గాలిలోకి ఏమీ పోదనుకోకండి. ఈ ఈథర్ కూడా పోయేదే, కాకపోతే టోలీన్ ఘాటు ఉండదు. నన్నడిగితే అల్లిక కుర్చీకి, చెక్కిన మంచం కోళ్లకు ఈ డబ్బా వాడండి. బీరువా తలుపు చదునుగా ఉంటుంది, దానికి నీళ్ల ఎనామెల్, చిన్న రోలరు చాలు.