బుల్లి లైటు, దొరకని సెల్లు

"ఒరే అబ్బాయ్, నువ్విచ్చిన బుల్లి లైటు ఆరిపోయిందిరా. దాని సెల్లు ఎక్కడా దొరకట్లేదు."

2018 చలికాలంలో ఒక రోజు మా నాన్న ఫోన్ చేసి ఈ మాట అన్నారు. అప్పుడు డాలస్‌లో పొద్దున్న ఎనిమిది, అద్దంకి దగ్గర మా ఊళ్ళో రాత్రి ఏడున్నర. పొలానికి కరెంటు రాత్రిపూట వచ్చే రోజులవి. అన్నం తిని, కర్ర పట్టుకుని, గట్టు వెంబడి నడిచి మోటారు వెయ్యడానికి ఆయన బయల్దేరే వేళ.

"ఫోన్లో లైటుంది కదా నాన్నా" అన్నాను.

"ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో ఫోను. స్టార్టరు పెట్టె తలుపు తియ్యాలంటే మూడో చెయ్యి కావాలి. నీ లైటయితే చొక్కా గుండీకి తగిలించుకుంటా."

కీచైన్ లైట్ల గురించి నేను చాలా చదివాను. అవెందుకు కావాలో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ నా పిచ్చి ఒకటి ఒప్పుకోవాలి. మా వంటింట్లో ఒక సొరుగు నిండా తాళంగుత్తికి తగిలించుకునే బుల్లి టార్చిలైట్లు ఉన్నాయి. మా ఆవిడ దాన్ని మిణుగురుల డబ్బా అంటుంది. పాతిక దాకా ఉంటాయి. కొన్ని వేలిగోరంత, కొన్ని చింతగింజ కంటే కాస్త పెద్దవి. వాటిల్లో మామూలు పెన్సిల్ సెల్లు పట్టేవి రెండో మూడో. మిగతావాటిల్లో ఒక్కోదానికి ఒక్కో వింత సెల్లు. "మామూలు సెల్లు పట్టేవి కొనుక్కోవచ్చుగా?" అని మా ఆవిడ చాలాసార్లు అడిగింది. సబబైన ప్రశ్నే. జవాబు కాస్త పెద్దది.

మా చిన్నప్పుడు ఇంట్లో ఎవరెడీ వాళ్ళ స్టీలు టార్చి ఉండేది. మా వైపు దాన్ని బ్యాటరీ లైటు అనేవాళ్ళం. మూడు లావుపాటి సెల్లులు. అవి నీరసపడితే మా నాయనమ్మ ఎండలో పెట్టేది. వేడికి లోపలి రసాయన చర్య కాస్త ఊపందుకుని ఇంకో రెండు రాత్రులు వెలిగేవి. అది తెలిసి కాదు, అప్పడాలు ఎండబెట్టినట్టే సెల్లులూ ఎండబెట్టేది. వాటిని మర్చిపోయి టార్చిలోనే వదిలేస్తే సెల్లు కారి, స్ప్రింగుకి తెల్లగా, పచ్చగా చిలుం పట్టేది. గరుకు కాగితంతో రుద్దడం నా పని. ఆ లైటుకి గోడకి మేకు ఉండేది, దాని చోటు దానిది. కరెంటు పోతే చీకట్లో తడుముకుంటూ ఆ మేకు దాకా వెళ్ళాలి. దారిలో మంచం కోడు మోకాలికి తగలడం మామూలే.

కీచైన్ లైటు ఆకర్షణ అంతా ఇక్కడే ఉంది. దాని కోసం వెళ్ళక్కర్లేదు. అది మనతోనే ఉంటుంది. ఇంట్లో ఎంత పెద్ద లైటున్నా, చీకట్లో ఉన్నప్పుడు చేతికందేదే లైటు. అలా ఎప్పుడూ వెంట ఉండాలంటే, ఉందన్న సంగతే మర్చిపోయేంత చిన్నదిగా ఉండాలి. ఆ చిన్నతనానికి అడ్డుపడేది బల్బు కాదు, సెల్లు.

1980ల చివర్లో అమెరికాలో మాగ్‌లైట్ వాళ్ళు సాలిటేర్ అని ఒక సన్నటి కీచైన్ టార్చి తెచ్చారు. అది ట్రిపుల్ ఏ సెల్లుతో నడిచేది. ఆ సెల్లు పొడవే 44.5 మిల్లీమీటర్లు. దానికి తల, తోక, మరలు కలిపితే లైటు వేలంత అవుతుంది. ఇంకా కుదించడానికి వీల్లేదు. పైగా అందులో ఉన్నది తీగ బల్బు. ఇచ్చేది పసుప్పచ్చ వెలుగు, తాగేది బోలెడు కరెంటు.

తర్వాత ఎల్ఈడీలు మారాయి. జపాన్‌లో నిచియా కంపెనీలో పనిచేసే షుజి నకమురా 1993లో బాగా వెలిగే నీలం ఎల్ఈడీని చూపించాడు. ఆ నీలం మీద పసుపు పూత వేస్తే తెల్ల వెలుగు వచ్చింది. ఆ నీలం ఎల్ఈడీకే 2014లో అకసాకి, అమానోలతో కలిపి ఆయనకి నోబెల్ ఇచ్చారు. మన బుల్లి లైట్లకి దీంతో ఒక వరం, ఒక చిక్కు వచ్చాయి. వరం ఏమిటంటే చిటికెడు కరెంటుతో వెలుగు. చిక్కేమిటంటే తెల్ల ఎల్ఈడీ వెలగాలంటే సుమారు 3 వోల్టులు కావాలి. మామూలు సెల్లు ఇచ్చేది ఒకటిన్నర. ఒక్క సెల్లుతో నడపాలంటే వోల్టేజిని పెంచే చిన్న సర్క్యూటు పెట్టాలి.

ఆ గొడవ లేకుండా ఫోటాన్ మైక్రోలైట్ లాంటివి దగ్గరి దారి పట్టాయి. లిథియం బిళ్ళ సెల్లు ఒక్కటే 3 వోల్టులు. రెండు బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టి, ఎల్ఈడీ కాళ్ళు రెండు వైపులా ఆనేట్టు నొక్కితే చాలు. ఆరు వోల్టులకి ఎల్ఈడీ మాడిపోదా అంటే, పోదు. ఆ బిళ్ళల లోపలి నిరోధమే కరెంటుకి కళ్ళెం వేస్తుంది. సెల్లు బలహీనతనే కాపలాగా వాడుకోవడం నాకు భలే నచ్చింది. కాకపోతే వెలుగు మొదట ధగధగా ఉండి తొందరగానే తగ్గుతుంది. ఆ తర్వాత మాత్రం ఆరిపోకుండా గంటల తరబడి గుడ్డిగా వెలుగుతూనే ఉంటుంది.

అక్కణ్ణించి నాకు సెల్లుల పేర్లు చదవడం పట్టుబడింది. సీఆర్ 2016 అంటే అడ్డంగా 20 మిల్లీమీటర్లు, మందం 1.6. సీఆర్ 2032 అయితే మందం 3.2. అంటే రెండు 2016లు కలిస్తే ఒక 2032 అంత మందం. 10180 అంటే 10 మిల్లీమీటర్ల లావు, 18 పొడవు, చివరి సున్నా గుండ్రటి గొట్టం అని గుర్తు. ఇది మళ్ళీ చార్జి చేసుకునే లిథియం అయాన్ సెల్లు. పెసరకాయ ముక్కంత ఉండి గదంతా వెలిగిస్తుంది, కానీ ఎక్కువసేపు కాదు. స్ట్రీమ్‌లైట్ వాళ్ళ నానో లైటులో ఎల్ఆర్ 41 బిళ్ళలు నాలుగు వరసగా కూర్చుంటాయి.

వీటన్నిటినీ అరుదైన సెల్లులు అంటాం. కానీ ప్రతిదానికీ ముందే ఒక ఉద్యోగం ఉంది. ఎల్ఆర్ 41 జ్వరం చూసే థర్మామీటరులో ఉంటుంది. 2032 కంప్యూటరులో గడియారాన్ని నడుపుతుంది, కారు తాళంలో ఉంటుంది. సీఆర్ 2, సీఆర్ 1/3ఎన్ ఫిల్ము కెమెరాల కోసం వచ్చినవి. టార్చిలైటు కొనేవాళ్ళకే అవి అరుదు. ఈ సంగతి నాకు పూర్తిగా అర్థమైంది మా నాన్న వల్ల.

ఆయనకి నేనిచ్చింది సీఆర్ 1/3ఎన్‌తో నడిచే అల్యూమినియం లైటు. నా డబ్బాలో అన్నిటికంటే అందమైనది. ఇచ్చేటప్పుడు సెల్లు సంగతి ఆలోచించలేదు. డాలస్‌లో కూర్చుని ఫోనులో నొక్కితే రెండు రోజుల్లో గుమ్మంలోకి వస్తుంది కదా! నాన్న మాత్రం కిరాణా కొట్లో అడిగారు, ఎలక్ట్రికల్ షాపులో అడిగారు. "సెల్లు కావాలి" అంటే మొబైల్ షాపు కుర్రాడు ఫోన్లు చూపించాడట. చివరికి అద్దంకిలో ఒక వాచీలు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్ళారు.

ఆ వాచీల ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని చచ్చిన సెల్లుని అటూ ఇటూ తిప్పి చూశాడట. కొలిచాడట. "పెద్దాయనా, ఇది ఒకటి కాదు. రెండు బిళ్ళల ఎత్తు. ఇది మూడు వోల్టులు, నా బిళ్ళలు ఒకటిన్నర. రెండు పెడితే సరి" అని, ఎల్ఆర్ 44 బిళ్ళలు రెండు ఒకదాని మీద ఒకటి పేర్చి గొట్టంలో వేశాడు. లైటు వెలిగింది. వెలుగు కొంచెం తగ్గింది, అయినా గట్టు కనిపించడానికి అది చాలు.

నాన్న ఫోన్‌లో ఇదంతా చెప్తుంటే నేను కంప్యూటరులో కొలతలు తీసి చూశాను. సీఆర్ 1/3ఎన్ ఎత్తు 10.8 మిల్లీమీటర్లు. ఎల్ఆర్ 44 ఎత్తు 5.4. లావు రెండిటికీ 11.6. ఇన్నేళ్ళ పిచ్చిలో ఈ లెక్క నాకు తట్టలేదు. భూతద్దం తీసి కొలిచినంతలో ఆయనకి తట్టింది.

2021 ఫిబ్రవరిలో మా టెక్సస్‌లో మంచు తుఫాను వచ్చి లక్షల ఇళ్ళకి కరెంటు పోయినప్పుడు నా డబ్బాకీ పని పడింది. డాలస్‌లో మైనస్ 19 డిగ్రీలు. ఆ చలికి మామూలు ఆల్కలైన్ సెల్లులు నీరసపడతాయి, లిథియం సెల్లులు ఎక్కువ తట్టుకుంటాయి. పక్కింటివాళ్ళకి తలో లైటు ఇచ్చాం. ఫోన్లలో చార్జింగు మాట్లాడుకోవడానికి దాచుకున్నాం. వంటింటి తెల్ల గోడ మీదికి ఒక బుల్లి లైటు వేసి పెడితే, కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక గదంతా కనబడింది. మా ఆవిడ ఆ రాత్రి డబ్బాని ఏమీ అనలేదు.

ఈ పిచ్చికి రెండో వైపు మరుసటి ఏడాది కనబడింది. 2022 డిసెంబరులో ఇండియా వెళ్ళాం. మా చెల్లెలి కూతురికి అప్పుడు 14 నెలలు. ఒక మధ్యాహ్నం నాన్న లైటులో బిళ్ళలు తనే మార్చుకుని, పాతవి రెండూ మంచం మీద పెట్టి ఫోను మోగితే లేచారు. కాసేపటికి పాప దగ్గుతుంటే అమ్మ చూసి, దాని దవడలోంచి వేలితో ఒక బిళ్ళ తీసింది. రెండోది లేదు.

మంచం దులిపాం. చాప ఎత్తాం. కనబడలేదు. "చచ్చిన సెల్లేగా, ఏం కాదులే" అన్నారు ఎవరో. అది తప్పని నాకు తెలుసు. లైటు వెలిగించలేని సెల్లులో కూడా గొంతులో తడి కండని కాల్చేంత కరెంటు మిగిలి ఉంటుంది. ఆహారనాళంలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోతైన పుండు పడొచ్చు. 20 మిల్లీమీటర్ల లిథియం బిళ్ళయితే మరీ ప్రమాదం. వాంతి చేయించకూడదు, ఆగి చూడకూడదు. ఎక్స్‌రే తియ్యాల్సిందే. కారు తీసి ఒంగోలు వెళ్ళాం. ఆ దారంతా చెల్లెలు నాతో మాట్లాడలేదు.

ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఇంటికొచ్చాక రెండో బిళ్ళ నవారు మడతలో దొరికింది.

అదే సంవత్సరం ఆగస్టులో అమెరికాలో రీస్ పేరుతో ఒక చట్టం వచ్చింది. టెక్సస్‌లోనే రిమోట్‌లోని బిళ్ళ మింగి, 18 నెలల వయసులో చనిపోయిన పాప పేరది. బిళ్ళ సెల్లులు వాడే వస్తువుల మూతలు పిల్లల చేతికి ఊడిరాకుండా ఉండాలని ఆ చట్టం చెబుతుంది. నేను ఆ వార్త చదివాను. చదివి కూడా నాన్నకి ఒక్క మాట చెప్పలేదు. లైటు ఇచ్చినవాణ్ణి, దాంతో పాటు చెప్పాల్సింది చెప్పనివాణ్ణి నేనే.

ఆ వారమంతా నాన్న ఆ లైటు ముట్టుకోలేదు. నేను తిరిగొచ్చే ముందు ట్రిపుల్ ఏ సెల్లుతో నడిచేదొకటి ఆయన చేతిలో పెట్టాను. కిరాణా కొట్లో కూడా సెల్లు దొరుకుతుందని చెప్పాను. బాగుందన్నారు. అమ్మ తాళంగుత్తికి తగిలించారు. ఇప్పటికీ అది అమ్మ దగ్గరే ఉంది.

ఆయన చొక్కా గుండీకి మళ్ళీ పాతదే వేలాడుతోంది. ఒక్కటే మార్పు. బిళ్ళలు ఇంట్లో మార్చరు. అద్దంకి వెళ్ళి వాచీల ఆయన ముందు కూర్చుంటే, ఆయన కొత్తవి వేసి, పాతవి తీసి తన బల్ల కింద మూత బిగించే రేకు డబ్బాలో పడేస్తాడు. ఇంటికి వచ్చేది లైటొక్కటే. నా డబ్బాకి కూడా ఇప్పుడు తాళం ఉంది. ఎవరికైనా లైటు ఇస్తే సెల్లు పేరు, అది దొరికే చోటు, పాతది ఎక్కడ పడెయ్యాలో ఒక చీటీ మీద రాసి ఇస్తున్నాను.

"ఇప్పుడు కరెంటు పగలే ఇస్తున్నారుగా నాన్నా, ఆ లైటెందుకు?" అని మొన్న అడిగాను.

"తాళం కప్ప బెజ్జం కనబడొద్దట్రా?" అన్నారు. "అయినా సెల్లు మార్పించుకోడానికి వెళ్తే ఆయనా నేనూ కాసేపు కూర్చుని టీ తాగుతాం."