పచ్చిరొట్ట విత్తనాల ధరకు యూరియాయే హద్దు

వేసవి చివర జల్లులు పడగానే విత్తనాల అంగళ్ళలో జీలుగ, జనుము, పిల్లిపెసర బస్తాలకు కదలిక వస్తుంది. నాట్లు దగ్గరపడేసరికి అదే సరకును అడిగేవారుండరు. కొద్ది వారాల్లో ముగిసిపోయే ఈ బేరంలో పెట్టుబడి పెట్టే వర్తకులకు వానల జాడ ఒక్కటే తెలిస్తే చాలదు. భూసారం సంగతి, యూరియా ధర సంగతి కూడా తెలియాలి.

వరి వేయబోయే పొలంలో ఈ విత్తనాలు చల్లి, 45 నుంచి 50 రోజుల్లో పూతకు వచ్చిన పైరును అక్కడే కలియదున్నుతారు. ఆ పైరులో కాయ ముదరదు కనుక రైతుకు విత్తనం మిగలదు. మరుసటి ఏడు మళ్ళీ కొనవలసిందే. విత్తనం కోసం వేసిన పైరు మాత్రం నెలల తరబడి చేనులో నిలవాలి. అందువల్ల గిరాకీ హఠాత్తుగా పెరిగితే, ఆ ఏటికి సరఫరా పెంచే వీలుండదు.

నత్రజని లెక్క

జీలుగ పైరు బాగా పెరిగితే ఎకరాకు సుమారు 20 నుంచి 30 కిలోల నత్రజని భూమికి చేరుతుందని అంచనా. యూరియాలో నత్రజని 46 శాతం. అంటే 45 కిలోల బస్తాలో 20.7 కిలోలు. ఆ లెక్కన పచ్చిరొట్ట పైరు బస్తా నుంచి బస్తాన్నర యూరియాకు సమానం. ప్రభుత్వం నిర్ణయించిన బస్తా ధర, పన్నులు, వేపపూత ఖర్చు కలిపి రూ. 266.50. కనుక రైతుకు ఆదా అయ్యేది రూ. 266 నుంచి 400 వరకే.

ఎకరాకు 10 నుంచి 12 కిలోల జీలుగ విత్తనం కావాలి. ఆదా ఎక్కువగా ఉన్నా కిలోకు రూ. 40 మించితే నత్రజని లెక్కలో రైతుకు గిట్టదు. దున్నకం కూలి దీనికి అదనం. బహిరంగ మార్కెట్టులో ఆ ధరకు మేలైన విత్తనం దొరకడం కష్టం. ప్రభుత్వ రాయితీ లేని చోట అమ్మకాలు మందగించడానికి కారణం ఇదే.

1992లో భాస్వరం, పొటాష్ ఎరువులపై ధరల అదుపు తొలగించారు. యూరియాపై మాత్రం కొనసాగించారు. 2010లో పోషకాల ఆధారిత సబ్సిడీ వచ్చినప్పుడు కూడా యూరియాను అందులో చేర్చలేదు. చవకైన ఎరువునే రైతు ఎక్కువగా వాడడంతో నేలలో పోషకాల సమతూకం చెడింది.

అసలు లాభం

అయినా రైతులు పచ్చిరొట్టను వదలకపోవడానికి కారణం లేకపోలేదు. సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటె తక్కువ ఉన్న నేలను పరీక్షా కేంద్రాలు తక్కువ తరగతిలో చేరుస్తాయి. యూరియా ఆ లోటు తీర్చదు. కుళ్ళిన రొట్ట నేలను గుల్లబరుస్తుంది, తేమను నిలుపుతుంది. చౌడు నేలల్లో జిప్సం వేసిన తరువాత జీలుగ పెంచి దున్నడం పాత పద్ధతే. దున్నేటప్పుడు ఎకరాకు 50 కిలోల సూపర్ ఫాస్ఫేట్ చల్లితే రొట్ట త్వరగా కుళ్ళుతుంది. అందుచేత జీలుగ అమ్ముడైన ప్రాంతాల్లో సూపర్‌కు కూడా కొంత అడుగు ఉంటుంది.

మూడు సరకులు ఒకటి కావు. జీలుగ చౌడుకు, నీటి నిల్వకు తట్టుకుంటుంది. జనుము నీరు నిలిస్తే చస్తుంది, మెరక నేలలే దానికి అనువు. పిల్లిపెసర పశువుల మేతగా కూడా ఉపకరిస్తుంది. కనుక పాడి ఉన్న రైతులు దానివైపు మొగ్గుతారు.

గమనించవలసినవి

వేసవి జల్లులు లేకపోతే విత్తనం చల్లేవారుండరు. కృష్ణా, గోదావరి డెల్టాలలో కాలవలకు నీరు ముందుగా వదిలి నాట్లు తొందరపడితే, పైరు పెరిగేందుకు 45 రోజుల గడువు చిక్కదు. ఈ రెండింటిలో ఏది జరిగినా సరకు నిల్వ పడిపోతుంది. రాయితీ విత్తనాల పంపిణీ మొదలైతే బహిరంగ మార్కెట్టు ధర దిగక తప్పదు. పంపిణీ ఆలస్యమైతే ప్రైవేటు వర్తకులకు కొద్ది రోజులు బేరం కలిసివస్తుంది.

విత్తనాల అమ్మకానికి 1983 నాటి నియంత్రణ ఉత్తర్వు ప్రకారం లైసెన్సు ఉండాలి. మిగిలిన సరకును మరుసటి ఏటికి నిల్వ ఉంచేవారు మొలక శాతం తిరిగి పరీక్ష చేయించుకోవడం మంచిది. మొలవని బస్తా తెచ్చే తగాదా ముందు, దానిపై వచ్చే లాభం స్వల్పమే.