చిన్నారుల కీళ్లవాతం.. దవడను మరవొద్దు

తడ: కీళ్లవాతం పెద్దలకే వస్తుందన్న అభిప్రాయం పల్లెల్లో బలంగా ఉంది. పిల్లలు నిద్ర లేవగానే కుంటుతూ నడిస్తే ఆటల్లో దెబ్బ తగిలిందని తల్లిదండ్రులు సరిపెట్టుకొంటారు. 16 ఏళ్లలోపు వారిలో కీళ్ల వాపు ఆరు వారాలు దాటినా తగ్గక, మరో కారణం కనిపించకుంటే వైద్యులు దానిని బాల కీళ్లవాతంగా పరిగణిస్తారు. శరీర రక్షణ వ్యవస్థ సొంత కీళ్లపైనే దాడి చేయడం వల్ల ఈ వ్యాధి వస్తుంది. మోకాలు, మణికట్టు వాపు కంటికి కనిపిస్తుంది. చెవి ముందుండే దవడ కీలు వాచినా పైకి తెలియదు. చాలామందికి నొప్పి కూడా ఉండదు.

దవడకు ముప్పు ఎందుకు?

కింది దవడ పెరుగుదలకు కీలకమైన భాగం ఆ కీలు వద్దే, ఉపరితలానికి చేరువగా ఉంటుంది. వాపు అక్కడికి పాకితే ఎదుగుదల మందగిస్తుంది. ఒకవైపే దెబ్బతింటే ముఖం వంకరగా మారుతుంది. రెండు వైపులా దెబ్బతింటే గడ్డం చిన్నదై వెనక్కి పోతుంది, ముందు పళ్లు కలవవు. ఎదిగే వయసు దాటాక దీనిని సరిచేయాలంటే శస్త్రచికిత్స అవసరం కావచ్చు.

గుర్తించేదెలా?

బిడ్డ తన మూడు వేళ్లను నిలువుగా నోటిలో పెట్టుకోలేకపోయినా, నోరు తెరిచినప్పుడు గడ్డం ఒక పక్కకు జరిగినా, గట్టి పదార్థాలు నమలడం మానేసినా వైద్యులకు చూపించాలి. ఎక్స్‌రేలో తొలిదశ వాపు కనిపించదు. ఎంఆర్‌ఐ పరీక్షలో తెలుస్తుంది.

నోటి శుభ్రత

వేళ్లు బిగుసుకుపోయిన పిల్లలు బ్రష్‌ను సరిగా పట్టుకోలేరు. పిడికి గుడ్డ చుట్టి లావుగా చేస్తే పట్టు దొరుకుతుంది. తీపి సిరప్‌లు తాగించాక నోరు పుక్కిలింపజేయాలి. మెథోట్రెక్సేట్ వాడేవారికి నోటిపూత రావచ్చు. వైద్యుల సలహాపై ఫోలిక్ ఆమ్లం ఇస్తే అది తగ్గుతుంది. ఈ మందు వారానికి ఒక్కరోజే వాడాలి, పొరపాటున రోజూ ఇస్తే ప్రాణాపాయం. పన్ను తీయించే ముందు దంతవైద్యుడికి మందుల వివరాలన్నీ చెప్పాలి.

ఎముకల బలం

వ్యాధి, కదలిక లేకపోవడం, దీర్ఘకాలం వాడే స్టెరాయిడ్లు ఎముకలను బలహీనపరుస్తాయి. అలాగని స్టెరాయిడ్లను ఒక్కసారిగా ఆపరాదు. వైద్యుల సూచనతో క్రమంగా తగ్గించాలి. 10-12 ఏళ్ల పిల్లలకు రోజుకు 850 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించింది. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350, గ్లాసు పాలలో సుమారు 240 మిల్లీగ్రాములు లభిస్తాయి. రాగిసంగటి, పెరుగు, పులికాట్ తీరంలో ముల్లుతో సహా తినే చిన్నచేపలు మేలు చేస్తాయి. ఎండ తగలడం, ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామం తప్పనిసరి.

చికిత్స ఎక్కడ?

తిరుపతి స్విమ్స్‌లో కీళ్లవాత వైద్య విభాగం ఉంది. తడలో ఆగే సూళ్లూరుపేట రైళ్లలో చెన్నై వెళ్లి ఎగ్మూరు ప్రభుత్వ పిల్లల ఆసుపత్రిలోనూ చూపించుకోవచ్చు. ఈ వ్యాధి చడీచప్పుడు లేకుండా కళ్లనూ దెబ్బతీస్తుంది కాబట్టి నేత్ర పరీక్షలు క్రమం తప్పక చేయించాలి. నొప్పి తగ్గిందని మందులు మానరాదు. వెళ్లిన ప్రతిసారీ దవడను కూడా పరీక్షించమని తల్లిదండ్రులే అడగాలి.